వెదురు పూస్తే కరువు రాదు, గింజ రాలకముందే పొదకు నిప్పు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఊరి చివర వెదురు పొద, నిండా పూత, మొదట్లో పసుపు కుంకుమలు, కొట్టిన కొబ్బరికాయలు, చుట్టూ నలుగురు పెద్దమనుషులు. 'వెదురు పూసింది, కరువు తప్పదేమోనని గ్రామస్థుల ఆందోళన' అని హెడ్డింగు. లోపల ఇద్దరు ముగ్గురి అభిప్రాయాలు వేసి వదిలేశారు. దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీకి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే బోటనీ చెప్పేవాళ్లు నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు కదా. పూజ చేసుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, పూసిన చెట్టుకి దండం పెట్టడం మంచి అలవాటే. నా బాధంతా వార్త చివర్లో ఉన్న ఒక్క వాక్యం గురించి: అరిష్టం పోవాలంటే పొదను నరికి తగలబెట్టాలని పెద్దలు అనుకుంటున్నారట. అది చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నేను ఏజెన్సీ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, పుట్టింది మేదరి ఇంట్లో. కాబట్టి వెదురు గురించి పుస్తకం వైపు నుంచీ కత్తి వైపు నుంచీ కాస్త మాట్లాడగలను. పొడుగైతే కత్తిరించుకోండి, నిప్పు సంగతి మాత్రం ఉంచండి.

ముందు ఆ పూత ఏమిటో చెబుతాను, ఎందుకంటే దూరం నుంచి చూసి భయపడేవాళ్లే గానీ దగ్గరికెళ్లి చూసేవాళ్లు తక్కువ. నల్లమలలో గానీ పాపికొండల్లో గానీ ఆదిలాబాద్ వైపు గానీ మన అడవుల్లో ఎక్కువగా కనిపించేది సాధన వెదురు. లోపల బోలు తక్కువ, గట్టి గడ, లాఠీలకీ నిచ్చెనలకీ వాడేది. ఇది చలికాలంలో పూతకొస్తుంది. ఆకు రాలిపోయి కొత్త ఆకు రాదు. దానికి బదులు సన్నటి కొమ్మల మీద కణుపు కణుపుకీ ఒక గుండ్రటి ముద్ద పుడుతుంది, పట్టుకుంటే వేళ్లకి గుచ్చుకునే ఎండు పొలుసులతో. రేకులుండవు, వాసనుండదు, పువ్వు అంటే మనం అనుకునేదేదీ ఉండదు. పొద్దున్నే వెళ్లి కొమ్మ వంచి చూస్తే ఆ పొలుసుల మధ్య నుంచి వెంట్రుక లాంటి కాడలకి పసుపు రంగు పుప్పొడి తిత్తులు వేలాడుతుంటాయి, ఒక్కో పువ్వుకి ఆరు. కొమ్మని వేలితో తడితే సన్నటి పొడి లేస్తుంది. ఆ పొడిని మోసేది ముఖ్యంగా గాలే, తేనెటీగలు కూడా పుప్పొడి కోసం బాగానే మూగుతాయి. ఎండలు ముదిరేసరికి పొలుసులు గోధుమ రంగుకి తిరిగి లోపల గింజ గట్టిపడుతుంది, ఏప్రిల్ నుంచి తొలకరి లోపు రాలుతుంది. అరచేతిలో వేసుకుని నలిపి ఊదితే పొట్టు పోయి పైన చిన్న ముక్కున్న గోధుమ రంగు గింజ మిగులుతుంది. ఇందులో వింత ఏమీ లేదు. వెదురు గడ్డి కుటుంబం మొక్క, వరికీ జొన్నకీ చెరకుకీ చుట్టం. వరికి ఏటా కంకి వస్తుంది, దీనికి జన్మకొకసారి వస్తుంది.

జన్మకొకసారి అన్నమాట ఊరికే అనలేదు. వెదురు పెరగడానికి గింజ అక్కర్లేదు. భూమిలో దుంప ఉంటుంది, ఏటా వానలకి దాని నుంచి పిలకలు లేస్తాయి, రెండు మూడు నెలల్లో ఆ పిలక తన పూర్తి ఎత్తుకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎన్నేళ్లున్నా లావు కూడా పెరగదు. పొదలో వంద గడలున్నా మొక్క ఒక్కటే. ఇలా పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు పూత మాటే ఎత్తకుండా పిలకలు వేసుకుంటూ పోయి, ఒక ఏడు ఉన్నట్టుండి దుంపలో దాచుకున్న పిండి పదార్థమంతా పూతలోకీ గింజలోకీ పెట్టేసి ఎండిపోతుంది. గెల వేసిన అరటి పోయినట్టే. ఇది పెద్దవాళ్లకి తెలియని సంగతేమీ కాదు, మహాభారతంలో ద్రౌపది జయద్రథుణ్ణి హెచ్చరిస్తూ వెదురూ అరటీ తమ చావుకే కాస్తాయని అంటుంది. అరటిని రోజూ చూస్తాం కాబట్టి గెల వేస్తే అరిష్టమని ఎవరూ అనరు. వెదురు పూత ఒక మనిషి జీవితంలో ఒకటి రెండు సార్లే కనబడుతుంది, కనబడిన ఏడాది ఊళ్లో ఏ చెడు జరిగినా దాని ఖాతాలో వేస్తారు.

ఎన్నేళ్లకి అన్నది జాతిని బట్టి ఉంటుంది. మన సాధన వెదురుకి ఇంచుమించు 25 నుంచి 45 ఏళ్లు, ముళ్ల వెదురుకి ప్రాంతాన్ని బట్టి 32 నుంచి 45 దాకా చెబుతారు. మిజోరంలో ఉండే ములి వెదురుకి దాదాపు 48 ఏళ్లు. జపాన్‌లో మదాకే అని పిలిచే వెదురుది మరీ విడ్డూరం, 120 ఏళ్లు. అది 1840ల్లో పూసింది, మళ్లీ 1960ల్లో పూసింది. అప్పుడు జపాన్‌లోనే కాదు, ఎప్పుడో అక్కడి నుంచి పట్టుకెళ్లి ఇంగ్లండులో, అమెరికాలో నాటిన తోపులు కూడా అదే సమయానికి అటూ ఇటుగా పూశాయి. నేల మారింది, వాన మారింది, చలి మారింది, లెక్క మాత్రం మారలేదు. 2015లో హార్వర్డ్ వాళ్లు ఈ ఏళ్లని కారణాంకాలుగా విడగొట్టి చూశారు, 120 అంటే 5, 3, మూడు 2లు, 32 అంటే ఐదు 2లు, అంటే మొదట్లో చిన్న చక్రాలు ఉండి అవి ఒక్కోసారి రెట్టింపో మూడింతలో అవుతూ ఇక్కడికి వచ్చుంటాయని వాళ్ల వాదన. లెక్కల మాస్టార్లకి నచ్చే వాదన, నాకూ నచ్చింది. అయితే ఈ ఏళ్లు లెక్కపెట్టే యంత్రాంగం మొక్కలో ఎక్కడుందో ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదు. దాన్ని దారి తప్పించడం మాత్రం సాధ్యమేనని మనవాళ్లే చూపించారు. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో హార్మోనూ కొబ్బరినీళ్లూ కలిపిన ద్రావణంలో పెంచిన వెదురు మొలకలు గాజు గొట్టంలో ఉండగానే, నెలల వయసులోనే పూసి గింజ పట్టాయి. 1990లో అది నేచర్ పత్రికలో వచ్చింది. ముప్ఫై ఏళ్ల ముసలి పొద చేసే పనిని వేలెడంత మొక్క చేసేసింది.

సరే, ఇంతకాలం ఆగి అందరూ ఒకేసారి పూయడం ఎందుకు? అమెరికా శాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్ 1976లో రాసిన వివరణ ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునేది. ఏటా కొంచెం కొంచెం గింజ రాలిస్తే ఎలుకలు, పక్షులు, అడవి కోళ్లు, పందులు మొత్తం తినేస్తాయి. యాభై ఏళ్లకొకసారి కొండంతా ఒకేసారి గింజ రాలిస్తే, ఎన్ని నోళ్లు తిన్నా ఇంకా మిగిలిపోతుంది. మిగిలిందే మొలుస్తుంది. తినేవాటిని ఆకలితో చంపి, అవి తగ్గిపోయాక తిండి కుమ్మరించడం అన్నమాట, వెదురు కంటే తెలివైన రాజకీయ నాయకుణ్ణి నేను చూడలేదు.

ఇక్కడే కరువు మాట వస్తుంది. అది ఉత్త మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లతో కూడా నేను ఏకీభవించను, మిజోరంలో అది అక్షరాలా జరిగింది, ఒక్కసారి కాదు. అక్కడ కొండలకి కొండలు ఒకటే జాతి, ములి వెదురు. దాని కాయ మన సాధన వెదురు గింజలా చిన్నది కాదు, కండ ఉన్న పెద్ద కాయ, ఉల్లిగడ్డ ఆకారంలో ఉండి కిందికి ముక్కు తేలి ఉంటుంది, చాలాసార్లు కొమ్మకి ఉండగానే మొలకెత్తుతుంది. అలాంటి కాయ కొండంతా రాలితే ఎలుకలకి పండగే. మూడు వారాలకి ఈనే జీవి, కాన్పుకి ఏడో ఎనిమిదో పిల్లలు, తిండికి లోటు లేకపోతే చచ్చేది తక్కువ పుట్టేది ఎక్కువ. వానలు పడి మిగిలిన కాయ మొలకెత్తేసరికి ఎలుకలకి తిండి అయిపోతుంది, సరిగ్గా అప్పుడే కొండ పోడుల్లో వరి పొట్టకొచ్చి గింజ పడుతుంటుంది. ఒక్క రాత్రిలో చేను ఖాళీ. సాయంత్రం చూసి పడుకున్న పంట పొద్దున లేచేసరికి ఉండదు. 1862లో, 1911లో, 1959లో, మళ్లీ 2006 నుంచి 2008 మధ్యలో ఇదే కథ. దాన్ని వాళ్లు మౌతామ్ అంటారు.

1959 సంగతి మనవాళ్లకి తెలియాల్సినది. అప్పుడు మిజోరం అస్సాంలో ఒక జిల్లా. వెదురు లెక్క అక్కడి పెద్దలకి తెలుసు కాబట్టి మిజో జిల్లా కౌన్సిల్ వాళ్లు 1958లోనే కరువు రాబోతోంది, ముందే సాయం ఏర్పాటు చేయండి అని అస్సాం ప్రభుత్వాన్ని అడిగారు. పైవాళ్లు అది కొండవాళ్ల నమ్మకమని తీసిపారేశారు. పూత వచ్చింది, ఎలుకలు వచ్చాయి, కరువు వచ్చింది. ఊళ్లకి బియ్యం మోసుకెళ్లడానికి మిజో నేషనల్ ఫామిన్ ఫ్రంట్ అని కుర్రాళ్లు ఒక సంస్థ పెట్టుకున్నారు, 1961లో పేరులోంచి ఫామిన్ అన్న మాట తీసేసి మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, నాయకుడు లాల్‌డెంగా. 1966 మార్చి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, నాలుగు రోజులు తిరక్కుండా ఐజ్వాల్ మీద మన విమానాలే బాంబులు వేశాయి. ఇరవై ఏళ్లు ఆ గొడవ నడిచి 1986లో ఒప్పందం, 1987లో రాష్ట్రం, అదే లాల్‌డెంగా ముఖ్యమంత్రి. ఒక వెదురు పూతకి సకాలంలో నాలుగు లారీల బియ్యం పంపనందుకు ఇంత చరిత్ర. 2006 నాటికి బుద్ధి వచ్చింది, పూత రాకముందే పథకం వేశారు, ఎలుకలు ముట్టని అల్లం, పసుపు వేసుకోమని రైతులకి చెప్పారు, చంపిన ఎలుక తోక తెచ్చిస్తే డబ్బులిచ్చారు. నష్టం అప్పుడూ జరిగింది, పంటలు పోయాయి, కానీ 1959లా మాత్రం కాలేదు. చూడండి, అక్కడ ఎవరూ పొదకి నిప్పు పెట్టి అరిష్టం పోగొట్టలేదు, లెక్క కట్టి తిండి సర్దారు.

అదే వెదురు పూత ఇంకో చోట కరువుని ఆపింది కూడా, ఇది మాత్రం ఎవరూ చెప్పరు. 1812లో ఒడిశాలో వెదురు విరగబూసి ఆ గింజలే జనాన్ని కరువు నుంచి కాపాడాయని, రాలే గింజ కోసం వందలమంది రాత్రీ పగలూ పొదల కింద కాపలా ఉన్నారని అప్పటి దొరల రాతల్లో ఉంది. 1864లో ఇప్పటి కర్ణాటకలోని కనరా అడవుల్లో పూసినప్పుడు ధార్వాడ, బెళగావి జిల్లాల నుంచి యాభై వేల మంది దాకా గింజలు ఏరుకోవడానికి వచ్చారట. కేరళ వయనాడులో ఇప్పటికీ పూసిన ఏడాది అడవి బిడ్డలు పొదల కింద శుభ్రంగా ఊడ్చి పెట్టుకుని గింజ ఏరుకుంటారు, దంచి అన్నం వండుకుంటారు. వాళ్లెవరికీ అది అరిష్టం కాదు, కొట్టంలోకి వచ్చిన ధాన్యం.

(వెదురు బియ్యం గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద నాకు వాట్సాప్‌లో చాలా వస్తున్నాయి. సంతానం కలుగుతుందని, మోకాళ్ల నొప్పులు పోతాయని, షుగర్ మాయమవుతుందని చెప్పి ఆన్‌లైన్‌లో దండిగా గుంజుతున్నారు. నిజమైన వెదురు గింజ మంచి తిండే, అంతకు మించి ఏ మహిమా నాకు తెలిసి రుజువు కాలేదు. పైగా చిలకపచ్చ రంగులో మెరిసిపోతూ అమ్మేది చాలావరకు మామూలు వరి బియ్యమే, వెదురు రసం పట్టించింది. జన్మకొకసారి కాసే గింజ ఏడాది పొడుగునా కిలోల లెక్కన ఎలా దొరుకుతుందో కొనేముందు ఒక్క క్షణం ఆలోచించుకోండి.)

మరి మన దగ్గర మిజోరం లాంటిది వస్తుందా? నా అంచనాలో రాదు. మన అడవిలో వెదురు టేకు, నల్లమద్ది చెట్ల మధ్య అక్కడక్కడ పొదలు పొదలుగా ఉంటుంది. సాధన వెదురు అన్నీ కలిసి ఒక్క ఏడే పూసే బాపతు కూడా కాదు, ఏటా ఎక్కడో ఒక చోట ఒకటీ అరా పొదలు పూస్తూనే ఉంటాయి, కొన్నేళ్లకొకసారి మాత్రం ఒక లోయంతా, ఒక కొండంతా పూస్తుంది. గింజ చిన్నది. ఎలుకలు కొంచెం పెరిగితే పెరగొచ్చు, అడవి అంచున వరి వేసేవాళ్లు ఆ ఖరీఫ్‌కి ఎలుకల మీద ఒక కన్ను వేసి ఉంచడం, బొరియలు చూసుకోవడం మంచిదే. దానికి కరువని పేరు పెట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఇంకో సంగతి, ఒకటి రెండు కొమ్మలకి మాత్రమే పూత కనిపిస్తే పొద చచ్చిపోతుందనుకోవద్దు. కొన్నిసార్లు ఆ గడలు మాత్రమే ఎండి పొద బతికిపోతుంది. అది తెలియక పచ్చగా ఉన్న పొదని కూడా మొదలంటా నరికేసినవాళ్లని చూశాను.

ఇక నిప్పు సంగతి. పొద మొత్తం పూసిందంటే అది ఎలాగూ పోతుంది, నీళ్లు పోసినా ఎరువేసినా ఆగదు. ఆ పొద నుంచి మిగిలేది గింజ ఒక్కటే, ఆ గింజని గదిలో ఉత్తి గోనెసంచిలో పెడితే కొద్ది నెలలకే మొలిచే గుణం పోతుంది. అంటే ఇన్నేళ్లు బతికిన మొక్కకి పిల్లల్ని కనడానికి దొరికే సమయం ఆ ఒక్క ఎండాకాలమూ దాని వెనక వచ్చే వానాకాలమూ, అంతే. మనం ఫిబ్రవరిలో, మార్చిలో తగలబెడితే గింజ పాలు పోసుకునే దశలోనే మాడిపోతుంది. అలా కాకుండా రాలనిస్తే జూన్, జూలైలో పొద చుట్టూ పచ్చటి తివాచీ లేస్తుంది, చూసేవాళ్లకి అది ఉత్త గడ్డే. అక్కడే రెండో ప్రమాదం. మేకలు అటు తిరిగితే ఒక్క వారంలో నున్నగా చేసేస్తాయి. జంగిల్ క్లియరెన్స్ పేరుతో కూలీలు గడ్డి అనుకుని చెక్కేస్తారు. ఈ రెండూ దాటినా మరుసటి ఎండాకాలం ఇప్పపూలు ఏరుకోవడానికి ఆకు తగలబెట్టే నిప్పు, తునికాకు చిగురు కోసం పెట్టే నిప్పు వచ్చి పడుతుంది. పైన నిలువునా ఎండిన పాత గడలు వందలు నిలబడి ఉంటాయి, అంతకన్నా బాగా మండేది అడవిలో లేదు. మొలక మొదటి ఏడు గడ్డి పోచే, రెండో ఏడు పుల్ల, ఏటా కాస్త కాస్త లావెక్కుతూ నరకడానికి పనికొచ్చే గడ వేయడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. అందులో మొదటి రెండు ఎండాకాలాలు కాపాడితే మిగతాది అదే చూసుకుంటుంది.

చదువుకున్నవాళ్లు ఒకరిద్దరు అడుగుతారు, నిప్పు వెదురుకి మంచిదేనని శాస్త్రవేత్తలే అన్నారు కదా అని. అన్నారు. 1999లో కీలీ, బాండ్ అనే ఇద్దరు ఒక వాదన పెట్టారు, మొత్తం ఎండిపోయిన వెదురు మీద పిడుగు పడి మంటలు లేస్తే పైన చెట్ల నీడ తొలగి కొత్త మొలకలకి వెలుతురు దొరుకుతుందని, అందుకే వెదురు మూకుమ్మడిగా చస్తుందని. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఒప్పుకున్నా అది గింజ రాలాక ఎప్పుడో పడే పిడుగు గురించి, గింజ పట్టకముందే అగ్గిపుల్ల గీయడం గురించి కాదు.

మా మేదరి వాళ్లకి దీంట్లో ఉన్న నష్టం వేరే. పచ్చి గడ మీద కత్తి పెట్టి మొదట ఒక దెబ్బ కొట్టి తిప్పితే, చెయ్యి ముందుకి నడుస్తున్న కొద్దీ బద్ద చర్రుమని కణుపు వెనక కణుపు దాటుకుంటూ గడ చివరి దాకా చీలుతుంది. ఆ బద్దని మళ్లీ రెండు చేసి, పైపొర వేరు, లోపలి పొర వేరు తీసి, తడిలో ఉండగానే అల్లుతారు. పూసిన గడకి ఆ సాగుడు ఉండదు. కత్తి దించగానే బద్ద కణుపు దగ్గర పటుక్కుమంటుంది, గుత్తగా తెచ్చుకున్నా నెల తిరక్కుండా పురుగు తొలిచి కింద తెల్లటి పిండి రాలుతుంది. మా నాన్న పూసిన వెదురు ఉచితంగా ఇస్తామన్నా మోసుకొచ్చేవాడు కాదు. అంటే ఒక అడవి పూసిందంటే ఆ అడవి మీద బతికే గంపలు, చేటలు, తడికలు అల్లేవాళ్లకి ఎనిమిది పదేళ్లు ముడిసరుకు లేనట్టే. మారేడుమిల్లి వైపు కొండరెడ్లకీ అంతే. ఆ పదేళ్లలో ప్లాస్టిక్ తట్ట ఇంట్లోకి వచ్చేస్తుంది, మళ్లీ వెదురు పెరిగే నాటికి అల్లే చెయ్యి మాయమై ఉంటుంది. పెళ్లికి గంపలో పెళ్లికూతుర్ని తేవాలి అన్నప్పుడు మాత్రం మేదరి వీధి గుర్తుకొస్తుంది. కరువు అని రాయాలంటే ఈ కరువు గురించి రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

రైతులకీ ఒక మాట చెప్పాలి. 2017లో కేంద్రం 1927 నాటి అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచే వెదురుని చెట్టు అన్న నిర్వచనంలోంచి తీసేసింది. అప్పటి నుంచి సొంత పొలంలో, గట్ల మీద వెదురు వేసేవాళ్లు పెరిగారు. సంతోషం. కానీ నర్సరీలో మొక్క కొనేటప్పుడు మనం ధర అడుగుతాం, రకం అడుగుతాం, తల్లి మొక్క వయసు అడగం. దుంప కోసి తెచ్చినా, కొమ్మ కత్తిరించి వేరు తెప్పించినా, టిష్యూ కల్చర్ చేసినా అది తల్లి ఒంట్లోంచి వచ్చిన ముక్కే, కాబట్టి సాధారణంగా తల్లి వయసే దానికీ ఉంటుంది. తల్లి పొద ఇంకో ఐదారేళ్లకి పూసేదైతే మీరు కొత్తగా నాటిన మొక్క కూడా ఇంచుమించు అప్పుడే పూసి పోతుంది, పెట్టుబడి తిరిగొచ్చే లోపే. ఖమ్మం వైపు మా బావమరిదికి సరిగ్గా ఇదే జరిగింది, గట్టు పొడుగునా వేసిన వెదురు గడ అమ్ముడుపోయే సైజుకి రాకముందే వరసగా పూసేసింది. మొక్కలిచ్చిన నర్సరీ వాడు మీ నేలలో నీళ్లు చాలలేదన్నాడు, మీ అదృష్టం బాగాలేదన్నాడు, తల్లి పొద ఎక్కడిది అంటే మాత్రం చెప్పలేకపోయాడు. గింజ నుంచి పెంచిన మొక్క అయితే సున్నా నుంచి లెక్క మొదలవుతుంది, ఒక్కో మొక్క ఒక్కో రకంగా కూడా ఉంటుంది. అందుకే అడవిలో వెదురు పూసిన ఏడాది నర్సరీలకి బంగారం లాంటి ఏడాది. బాల్కోవా లాంటి రకాలు పూసినా గింజ పట్టవు, వాటిని కొమ్మలతోనే పెంచాలి, అక్కడ తల్లి వయసు అడగడం ఇంకా ముఖ్యం. ఈ వివరం రాసి ఇవ్వని చోట కొనకండి అంటాను నేను.

ప్రభుత్వం వైపు నుంచి చేయాల్సింది పెద్ద ఖర్చున్న పనేమీ కాదు. పూత కనిపించిన చోట గింజ రాలేదాకా కత్తి పెట్టనివ్వకూడదు, రాలాక ఎండు గడని వానల్లోపే నరికి బయటికి తీసేయాలి, అప్పుడు మరుసటి ఎండాకాలం మంటకి మేత ఉండదు. ఆ ఎండు గడ బుట్టలకి పనికిరాకపోయినా కాగితపు గుజ్జుకీ, కంచెలకీ, పొయ్యిలోకీ పనికొస్తుంది, ఆ డబ్బు ఎవరికి పోవాలన్నదే అసలు ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అని స్పష్టంగా రాసింది. మనకి పక్కనే గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా గ్రామసభ 2011లోనే తన వెదురుని తానే అమ్ముకునే హక్కు తెచ్చుకుంది. మన ఏజెన్సీలో ఎన్ని గ్రామసభల చేతికి రవాణా పర్మిట్ల పుస్తకం ఇచ్చారో మీ విలేకరులు ఒక్కసారి తిరిగి రాస్తే చదవాలని ఉంది.

ఇక మీరు ఫొటో వేసిన ఆ ఊరికి: పొద ఇంకా నరకకపోతే ఏప్రిల్ దాకా ఆగండి. కింద నేల ఊడ్చి పాత చీరలో, టార్పాలినో పరవండి. రాలిన దాంట్లో సగం ఏరుకుని వండుకోండి, కొంత నానబెట్టి తొలకరికి పాలిథిన్ సంచుల్లో వేయండి, మిగతాది అక్కడే వదిలేసి చుట్టూ ముళ్లకంప కట్టండి, మేకలు దూరకుండా. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి పూసిన తేదీ చెప్పి రాయించండి, మళ్లీ ఎప్పుడు పూస్తుందో లెక్క కట్టేవాళ్లకి ఆ తేదీ కావాలి. గింజలు మొలిపించడం తెలియకపోతే మీ పత్రిక ఆఫీసు ద్వారా నాకు కబురు పెట్టండి, బస్సు ఛార్జీలు కూడా నేనే పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
రాజమహేంద్రవరం